గట్టున నాటిన చెయ్యి

మొన్న నిజామాబాద్ గంజ్‌లో అరకిలో బెల్లం కొన్నాను. దుకాణంవాడు దాన్ని పాత పేపరులో చుట్టి, దారం తిప్పి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి పొట్లం విప్పితే ముందు వాసన వచ్చింది, దాని వెనకే బెల్లం చెమ్మకు సగం తడిసిన పెద్ద అక్షరాలు కనిపించాయి: "చెరుకు రైతుకు మళ్ళీ మొండిచెయ్యి". పేపర్లలో ఈ మాట లేని వారం ఉండదు. ఊరికి బస్సు రాకపోతే మొండిచెయ్యి, కాలువకు నీళ్ళు వదలకపోతే మొండిచెయ్యి, బడికి పంతుళ్ళను ఇవ్వకపోతే మొండిచెయ్యి. రాసేవాళ్ళను తప్పుపట్టే మొహం నాకు లేదు. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి, ఈ మాటను జాతీయాల పాఠంలో నేనే పిల్లలతో వల్లె వేయించాను. మొండిచెయ్యి చూపడం అంటే ఆశపెట్టి ఏమీ ఇవ్వకపోవడం. సొంతవాక్యం రాయమంటే ఒక పిల్ల, మా మామయ్య సెల్‌ఫోన్ కొనిస్తానని చెప్పి నాకు మొండిచెయ్యి చూపాడు అని రాసింది. ఎర్ర సిరాతో రైటు కొట్టి పూర్తి మార్కులు వేశాను. వేసి, పెన్ను మూసి, ఆ పూట ఇంక పేపర్లు దిద్దలేకపోయాను.

ఎందుకంటే నేను కళ్ళారా చూసిన మొండిచెయ్యి మా బాపుది, అంటే నాన్నది. కుడిచెయ్యి. మోచేతికి బెత్తెడు కింద ఆగిపోయి, కొన దగ్గర చర్మం నాలుగు వైపుల నుంచి లాగి కుట్టి, మూతి కట్టిన గోనెసంచిలా ఉండేది.

మాది బోధన్ నుంచి వర్ని పోయే దారిలో, నిజాంసాగర్ కాలువ పారే ఊరు. ఒకప్పుడు మా ఇంట్లో మొండి అన్న మాటకు ఏ అడ్డూ లేదు. బాపు తల్లిని మేము అవ్వ అనేవాళ్ళం. ఆవిడ పొద్దున లేచింది మొదలు దాన్ని పదిచోట్ల వాడేది. పిడి ఊడిన కత్తి మొండికత్తి, అరిగిన చీపురు మొండిచీపురు, వానలకు సగం కూలిన కొట్టం గోడ మొండిగోడ, జొన్నరొట్టె వద్దని మూతి తిప్పుకునే నేను మొండిదాన్ని. ఆపైన "మొండోడు రాజు కంటె బలమంతుడు" అని సామెత చెప్పి, ఆ రొట్టెనే పాలలో నలిపి నా నోట్లో కుక్కేది. ఉప్పు, కారం లాంటి మాట అది. ఇంట్లో ఉందని కూడా ఎవరికీ గుర్తుండేది కాదు.

చలికాలం వచ్చిందంటే ఊరంతా చెరుకు వాసనే. ఫ్యాక్టరీకి పోయే బండ్లు తెల్లవారుజామునే వరుసకట్టి, ఇరుసుల కిర్రుమనే చప్పుడుతో, ఎద్దుల ముక్కుల్లోంచి వచ్చే పొగతో బోధన్ రోడ్డు మీద కదులుతుంటే, మేము పిల్లలం వెనక వేలాడి గడలు లాక్కుని, పళ్ళతో పొట్టు చీల్చి, చిగుళ్ళు కోసుకుని రక్తం వచ్చేదాకా నమిలేవాళ్ళం. ఫ్యాక్టరీ పర్మిట్ ఆలస్యమైన తోటలను ఎండబెట్టుకోలేక బాపు, కాక కలిసి మా చేనులోనే గానుగ ఆడించేవాళ్ళు. కాక అంటే బాపు తమ్ముడు. మూడు ఇనుప రోలర్లు నిలబెట్టిన గానుగ, దాని నెత్తిన పొడుగాటి దూలం, దూలం కొసకు రెండు ఎద్దులు. ఎద్దులు గుండ్రంగా తిరుగుతుంటే ఒకవైపు నుంచి చెరుకు లోపలికి పోయి, ఇంకోవైపు పిప్పి అయి రాలేది, కింద మట్టికుండలోకి ఆకుపచ్చ రసం నురగలు కక్కుతూ దిగేది. పక్కనే భూమిలో తవ్విన పెద్ద పొయ్యి, దానిమీద మంచమంత పెనం. కాక తెడ్డుతో కలుపుతుంటే మడ్డి తేలి, పాకం ఎర్రబడి, బుడగలు చిట్లే చప్పుడు ఊరి మొదట్లోకి వినిపించేది. ఆ పాకంలో చిలగడదుంపలు వేసి ఉడికించి, చెరుకు ఆకు మీద పెట్టి ఇచ్చేవాడు. నాలుక కాలేది, అయినా ఆగేవాళ్ళం కాము.

ఎద్దులను తోలే పని నాది. ఏడేళ్ళ పిల్లను దూలం మీద కూర్చోబెడితే ఒక పెద్దమనిషి కూలి మిగులుతుంది, నాకా ఊయలెక్కినంత సంబరం. ఎర్రోడు, మైలోడు అని రెండు ఎద్దులు. ఆపాలంటే "హో" అనాలి, కదలాలంటే చెర్నాకోలతో తట్టాలి. అంతకంటే ఆ పనిలో చదువు లేదు.

ఆ రోజు పొద్దున మంచు ఇంకా విడవలేదు. చెరుకు గడలు మంచుకు తడిసి జారుతున్నాయి. బాపు గానుగ ముందు గొంతుకూర్చుని గడలు అందిస్తున్నాడు. నేను కంబళి కప్పుకుని, పెనం వైపు చూస్తూ, దుంపలు ఎప్పుడు దిగుతాయా అని లెక్కపెడుతున్నాను. బాపు అరిచాడు. ఆ అరుపులో మాట లేదు. మాట ఉండుంటే "హో" అనేదాన్నేమో. భయానికి నా చెయ్యి లేచి చెర్నాకోల మైలోడి వీపు మీద పడింది. మైలోడు ఒక్క గుంజు గుంజాడు. సగం చుట్టు. ఆ సగం చుట్టులో బాపు అరుపు ఆగిపోయింది. కాక పెనం వదిలేసి ఉరికి వచ్చి కాడి విప్పాడు, నలుగురు మనుషులు దూలాన్ని వెనక్కి తోశారు. కింద కుండలో రసం రంగు మారింది. దాన్ని పారబోయడం కూడా ఎవరికీ గుర్తు రాలేదు, మధ్యాహ్నానికి ఈగలు ముసిరాయి.

నిజామాబాద్ దవాఖానలో మోచేతి కింద కోసి తీసేశారు. కోసినదాన్ని అవ్వ అడిగి తీసుకుంది. "నా కొడుకుది నాకియ్యుండ్రి" అని గడప దగ్గర కూర్చుని లేవలేదట. నూనెగుడ్డలో చుట్టి, దానిపైన తన పాత చీర చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. మా ఇళ్ళలో పెద్దవాళ్ళను కాలుస్తారు, పాలుతాగే పిల్లలు పోతే మాత్రం పూడుస్తారు. చేతికి ఏ ఆచారమో ఎవరికీ తెలియదు. అవ్వ కాసేపు ఆలోచించి, చిన్నపిల్లల లెక్కనే మా చేను గట్టు మీద గుంట తీయించి, ఉప్పు, పసుపు వేసి, దాన్ని పడుకోబెట్టి మట్టి కప్పించి, మూడు రాళ్ళు పెట్టింది. తర్వాత నా భుజం పట్టుకుంది.

"ఈ జాగ యాదికుంచుకో బిడ్డా. మీ బాపు పోయిననాడు ఈ బొక్కలు తీసి ఆ బొక్కలల్ల కలపాలె. సగం మనిషి సగం తొవ్వల్నే ఆగుతడు."

మా వైపు ఎముకలను బొక్కలనే అంటాం, దారిని తొవ్వ అంటాం. కాలిన మూడోనాడు వాటిని ఏరి, పాలతో కడిగి, కందకుర్తిలో గోదావరిలో కలుపుతాం. తమ్ముడు అప్పటికి పాకే పిల్లాడు. కాబట్టి యాదికుంచుకోవలసింది నేనే.

ఆ రోజు నుంచే ఇంట్లో ఆ మాట బందయింది. అవ్వ ఎవరినీ పిలిచి వద్దని చెప్పలేదు. పక్కింటామె పొరపాటున "మొండికత్తి ఉంటే ఇయ్యి" అని వస్తే, అవ్వ కత్తి ఇచ్చి, మళ్ళీ నెల దాకా ఆవిడతో మాట్లాడలేదు. అందరికీ అర్థమైంది. మొండికత్తి పిడి లేని కత్తి అయింది. మొండిచీపురు అరిగిన చీపురు అయింది. మొండికేసిన ఎద్దును జిద్దుది అనడం నేర్చుకున్నాం. అవ్వ తన సామెతను మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. బడిలో మాత్రం నా పేరు మారిపోయింది. మొండోని బిడ్డ. ఆ పేరుతో పిలిచినప్పుడు నేను పలికేదాన్ని, ఎందుకంటే అది నాకు పడవలసిన శిక్షే అనుకున్నాను.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. చెరుకు ఊళ్ళో పుట్టని పిల్లలెవరూ ఆ పని చెయ్యరు.

అవ్వ చెయ్యిని పెట్టిన వారంలోనే కాక పక్కమడిలో కొత్త తోట నాటాడు. చెరుకుకు విత్తనం ఉండదు. బాగా పండిన గడను రెండు మూడు కణుపులకు ఒక ముక్కగా నరికి, సాలులో పడుకోబెట్టి, మట్టి కప్పి తడి పెడితే, ఇరవై రోజులకు, మరీ చలి ఉంటే నెలకు, ప్రతి కణుపు దగ్గరా కన్ను విచ్చి మొలక లేస్తుంది. నరికి పూడ్చింది మొలుస్తుంది. మా ఊళ్ళో నడక రాని పిల్లలకు కూడా ఇది తెలుసు. అవ్వ కూడా చెయ్యిని పడుకోబెట్టే పెట్టింది. వేళ్ళకూ కణుపులు ఉన్నాయి. అయితే అవ్వ ఒక్క పని మరిచిపోయింది, తడి పెట్టలేదు. నా వల్ల పోయిన చెయ్యిని నేనే మొలిపించాలని నిశ్చయించుకుని, రోజూ బడినుంచి వస్తూ కాలువలో చెంబు ముంచి ఆ మూడు రాళ్ళ మధ్య పోశాను. మొలిచినాక ముందు చిన్నపిల్లల చెయ్యంత ఉంటుందనీ, బాపు మోచేతి కింద అతికిస్తే పెరుగుతుందనీ కూడా ఆలోచించి పెట్టుకున్నాను. గోడమీద బొగ్గుతో గీతలు పెట్టి రోజులు లెక్కించాను. పక్కమడిలో పచ్చగా మొలకలు లేచాయి. గట్టు మీద ఏమీ లేవలేదు.

అప్పటికి బాపు దవాఖాన నుంచి ఇంటికొచ్చి, పగలు చేనులోనే చెట్టుకింద మంచం వేయించుకుని, గుడ్డలు చుట్టిన చెయ్యిని దిండు మీద పెట్టుకుని పడుకుని ఉంటున్నాడు. కాక మిగిలిన చెరుకును గానుగాడిస్తున్నాడు, ఆ రోజు ఆఖరి పెనం. పొద్దు వాలే వేళ ఎవరూ చూడనప్పుడు, కన్ను విచ్చిందో లేదో చూద్దామని గడ్డికోసే కొడవలి తీసుకుపోయి మట్టి తోడాను.

చూశాను. దాన్ని ఎక్కువ చెప్పను. తోలు నల్లబడి ఉప్పు పట్టి ఉంది. వేళ్ళలో ఒక్క బొటనవేలే వేలులా ఉంది, గోరుతో సహా. నేను పోసిన నీళ్ళన్నీ అక్కడే నిలిచి ఉన్నాయి. వాసన వచ్చింది. కొడవలి పడేసి ఉరికాను. కాలువ దాటినాక వెనక్కి తిరిగితే గట్టు వైపు ఒక కుక్క పోతోంది. గుంట తెరిచే ఉందని తెలుసు. తిరిగి పోలేదు.

తెల్లారి భయం భయంగా పోయి చూస్తే గుంట పూడ్చి ఉంది, మూడు రాళ్ళూ వాటి చోట ఉన్నాయి. కుక్క ఎత్తుకుపోయిన తర్వాత ఎవరో గొర్లకాపరి ఉత్త గుంటను పూడ్చి ఉంటాడనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇంకో నెలకు ఆ రాళ్ళ మధ్య సన్నగా, పచ్చగా మొలక లేచింది. వంగి చూస్తే చెరుకు. ఆ సాయంత్రం బాపు మంచం దగ్గర నిలబడి, "బాపూ, గట్టు మీద చెరుకు లేసింది" అన్నాను.

"చెరుకే లేస్తది బిడ్డా" అన్నాడు. "ఇంకేం లేవదు."

తర్వాతి ఏడు గానుగ కట్టలేదు. ఆ పై ఏడు కూడా కట్టలేదు. బాపుకు గానుగంటే భయం పట్టుకుందని ఊరంతా అనుకుంది. పొయ్యిని మట్టితో నింపేశారు, రోలర్లు తుప్పుపట్టి పాత ఇనుముకు పోయాయి.

మాటను తిరిగి ఇంట్లోకి తెచ్చింది బాపే. డిచ్‌పల్లిలో కుష్ఠు దవాఖాన ఉంది, అక్కడ తోలుపట్టీకి కొక్కెం బిగించి ఇస్తారని ఎవరో చెబితే పోయి కొన్నాళ్ళు ఉండి వచ్చాడు. వేళ్ళు పోయినవాళ్ళు ఆయనకు ఒంటిచేత్తో రుమాలు చుట్టుకోవడం, పళ్ళతో ముడి వేయడం నేర్పారు. వచ్చిన రోజు అన్నాల దగ్గర కూర్చుని, చాలా మామూలుగా, "నా మొండిచెయ్యికి జర నూనె రాయి బిడ్డా, చలికి గుంజుతున్నది" అన్నాడు. అవ్వ కంచం ముందు నుంచి లేచిపోయింది. బాపు తల ఎత్తకుండా, "దాని పేరు గదేనే అవ్వా, పేరు పెట్టి పిలువకుంటే అది నాది గాకుంటనే పోతది" అన్నాడు. నేను నూనె వెచ్చజేసి రాశాను. అప్పటినుంచి ప్రతి చలికాలం రాశాను, పెళ్ళయ్యి పోయేదాకా. లేని వేళ్ళు నొస్తున్నాయి అనేవాడు. ఏ వేలు బాపూ అంటే, "బొటనేలు" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా తల వంచుకుని ఇంకాస్త నూనె పోసేదాన్ని. పెళ్ళిలో అప్పగింతలప్పుడు అందరూ అక్షింతలు వేస్తుంటే ఆయన ఆ మొండిచెయ్యినే తెచ్చి నా తలమీద పెట్టాడు. బరువుగా, వెచ్చగా ఉంది.

అవ్వ పోయింది. పోయేముందు కూడా తమ్ముణ్ణి గట్టు మీదికి తీసుకుపోయి ఆ జాగ చూపించింది. దాంతో నా భయం రెట్టింపయింది. బాపు ముసలివాడవుతున్న కొద్దీ నాకు ఒకటే ఆలోచన, ఈయన పోయిననాడు తమ్ముడు అక్కడ తవ్వుతాడు, అక్కడ ఏమీ ఉండదు. మొదట ఎద్దును కొట్టి చెయ్యి పోగొట్టాను, తర్వాత దాని బొక్కలనూ కుక్కలపాలు చేశాను. సగం మనిషిని చేసిందీ నేనే, సగం తొవ్వలో ఆపబోయేదీ నేనే. చదువుకున్నదాన్ని, తొవ్వ ఎక్కడుంది, ఆగడం ఎక్కడుంది అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. బాపు విషయం వచ్చేసరికి ఆ చదువు పనికిరాలేదు.

నాలుగేళ్ళ కింద బాపు నిద్రలోనే పోయాడు. మూడోనాడు పొద్దున బొక్కలు ఏరి కుండలో పెట్టాక, తమ్ముడు గడ్డపార తీసుకుని గట్టు వైపు నడిచాడు. కాక కర్ర ఊతంతో వెనక వస్తున్నాడు. మూడు రాళ్ళ దగ్గర తమ్ముడు గడ్డపార ఎత్తాడు.

"ఆగురా" అన్నాను. "అండ్ల ఏం లేదు."

ఏడేళ్ళప్పటి సంగతంతా, చెంబుతో నీళ్ళు, బొగ్గు గీతలు, కొడవలి, కుక్క, అన్నీ అక్కడ నిలబడే చెప్పాను. తమ్ముడు నన్ను చూస్తున్నాడు, గడ్డపార ఎత్తినచోటే ఉంది. కాక గట్టు మీద కూలబడి ముఖం తుడుచుకున్నాడు.

"కుక్క తినలేదు బిడ్డా" అన్నాడు. "కుక్క కన్న ముందే మీ బాపు గట్టుకాడికి పోయిండు. నువ్వు ఉరుకుడు మంచంల కెల్లి సూసిండు. ఎడమ చేత్తోని దాన్ని ఎత్తుకొని గానుగకాడికి తెచ్చిండు. అప్పుడే ఆఖరి పాకం దించినం, పొద్దుగూకుతున్నది. పొయ్యిల పెట్టి, నన్ను పిప్పి ఎగదొయ్యమన్నడు. కాలేదాక నిలబడ్డడు. తెల్లారి బూడిద, బొక్కలు ఏరుకొని ఇద్దరం కందకుర్తికి పోయి గంగల కలిపినం. గందుకే మల్ల గానుగ పెట్టలె. పీనుగ కాలిన పొయ్యి మీద బెల్లం ఎట్ల వండుతం?"

తమ్ముడే అడిగాడు. "మరి అక్కకు ఎందుకు చెప్పలే కాకా?"

"వద్దన్నడు. ఎద్దును కొట్టిన బాధే పిల్లకు శానా ఉన్నది, ఇది గూడ దాని నెత్తిన వెయ్యకు అన్నడు. రోజు నీళ్ళు పోస్తున్నదని ఎరుకే. ఇన్ని నీళ్ళు పోసినంక ఏదన్న లేవాలె గదా అని, ఆ రాత్రే చెరుకు ముక్క నరుక్కపోయి ఆ గుంటల నాటి పూడ్చిండు. ఎడమ చేత్తోని ఆయన చేసిన మొదటి సేను పని గదే."

తమ్ముడు గడ్డపార దించి గట్టుకు ఆనించాడు. నేను ఆ రాళ్ళ మధ్య కూర్చుని ఏడ్చాను. బాపు పోయిననాడు కూడా అంత ఏడుపు రాలేదు. మధ్యాహ్నం కందకుర్తిలో మోకాటిలోతు నీళ్ళలో నిలబడి కుండ వంచినప్పుడు, ఆయన చెయ్యి ముందే పోయి అక్కడ ఉందన్న సంగతి తెలిసే వంచాను. యాభై ఏళ్ళు ఒకరికొకరం ఆ మాట దాచుకున్నందుకు బాపు మీద కోపం కూడా వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇప్పుడు మా చేను వరి పొలం. ఫ్యాక్టరీ మూతబడి చాలాకాలమైంది, బోధన్ రోడ్డు మీద చెరుకు బండి కనిపించదు. పొయ్యి ఉన్నచోట మోటారు గది కట్టారు. గట్టును వెడల్పు చేసి ట్రాక్టరు దారి వేసినప్పుడు మూడు రాళ్ళు ఎటు పోయాయో ఎవరూ చూడలేదు. కాక కూడా లేడు. గంజ్‌లో నేను కొన్న బెల్లం ఏ ఊళ్ళో వండారో దుకాణంవాడికే తెలియదు.

పొట్లం విప్పి కూర్చుని ఉండగా పక్కింటి పిల్ల హోంవర్కు పుస్తకం పట్టుకుని వచ్చింది. ఐదో తరగతి. బెల్లం ముక్క చేతిలో పెడితే నములుతూ పేపరులోని అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"మొండిచెయ్యి అంటే ఏంది టీచరమ్మా?"

ఆశపెట్టి ఏమీ ఇవ్వకపోవడం అని నోటిదాకా వచ్చింది. ముప్పై ఏళ్ళు చెప్పిన జవాబు. పేపరు మీది బెల్లం పొడి దులిపి, దాన్ని పక్కన పెట్టాను.

"కూసో, చెప్త" అన్నాను. "గానుగ ఎన్నడన్న సూసినవా?"

లేదని తల ఊపింది. అక్కడి నుంచి మొదలుపెట్టాను.